అవ్వ ఎవరి మనిషి?

ఒక పిల్ల బొప్పాయి ముక్కల పళ్ళెం తెచ్చి క్యాంటీన్ కిటికీ గట్టు మీద ఠక్కున పెట్టింది.

"ఆంటీ, ఇది జబ్బు చేసినవాళ్ళు తినేది. నాకేం జబ్బు లేదు," అని తుర్రుమంది.

క్యాంటీనక్క ముఖం వాడిపోయింది.

బడిలో ఇకమీదట నూనె సరుకు అమ్మొద్దని, పళ్ళూ ఉడికించిన గింజలే పెట్టాలని పెద్ద టీచర్ చెప్పింది. పిల్లలు అలవాటుపడితే సరే, లేదంటే పరీక్షలయ్యేసరికి కిటికీ మూసేస్తానని కూడా చెప్పింది.

పిల్లలేమో గంట కొట్టగానే గేటు బయట చిప్స్ బండి మీద ఈగల్లా వాలుతున్నారు. అక్కడ సలసల కాగే నూనె. ఇక్కడ చప్పటి క్యారెట్టు. ఇంకెక్కడి పోటీ?

ఒంటిచేత్తో ఇద్దరు బిడ్డల్ని సాకుతున్న క్యాంటీనక్కకు ఆ కిటికీయే అన్నం కుండ.

అలాంటి రోజుల్లో ఒక ముసలామె వెనక గుమ్మంలోంచి తొంగి చూసింది.

"పనేమైనా ఉందా అమ్మాయ్?"

"జీతమిచ్చే స్తోమత లేదు పెద్దమ్మా."

"నేనడిగానా? ఒక పూట తిండి పెట్టు, చాలు."

"నీవాళ్ళెవరూ లేరా?"

"నా సంగతికేం గానీ, ఆ పుచ్చకాయ ఇటు తే."

ఆమె పద్ధతే వేరు. పిల్లల్ని పిలవదు, బతిమాలదు. గంట కొట్టేసరికి బయట బల్ల మీద కాళ్ళాడిస్తూ కూర్చుని, ఉడికించిన మొక్కజొన్న కంకి కొరికి, అబ్బా అని కళ్ళు మూసుకునేది.

"ఏం తింటున్నావవ్వా?"

"నీకెందుకు? ముందు పళ్ళు ఊడినదానివి, కొరకలేవు పో."

"ఎందుకు కొరకలేను? ఇటు తే!"

"ఆశ! నాది నాకే చాలదు. కావాలంటే కిటికీ దగ్గర అడుగు."

చూస్తుండగానే కిటికీ ముందు వరస పెరిగింది. పుచ్చకాయ ముక్కలకు తోపులాట మొదలైంది. గేటు బయట బండివాడు ఈగలు తోలుకుంటున్నాడు.

"నీ చేతిలో ఏదో మహిమ ఉంది పెద్దమ్మా," అంది క్యాంటీనక్క మురిసిపోతూ.

"చేతిలో కాదే, నోట్లో. ఉన్న నాలుగు పళ్ళూ నీ కోసమే అరగదీస్తున్నాను."

క్యాంటీనక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తోబుట్టువుకైనా చెప్పని కష్టాలన్నీ ఆమె ముందు విప్పి పోసింది. కిటికీ గడువు సంగతితో సహా.

ఒక సాయంత్రం వెనక సందులో నీళ్ళు నిలిచిపోయాయని క్యాంటీనక్క గేటు వైపు నుంచి ఇంటికి బయల్దేరింది.

పిల్లలంతా వెళ్ళిపోయారు. వీధి కొళాయి దగ్గర అవ్వ కూర్చుని ఉంది. మసిబట్టిన చిప్స్ బాణలిని బరబరా తోముతోంది. పక్కనే బండివాడు. అతనేదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత చెరోవైపు పట్టుకుని బండి తోసుకుంటూ పోయారు.

క్యాంటీనక్క గేటు చాటుకు తప్పుకుంది.

ఎంత నమ్మింది! ఇంటి గుట్టంతా చెప్పుకుందే!

మర్నాడు అవ్వ పళ్ళ బుట్ట అందుకోబోతే లాగేసుకుంది.

"ఆ బండివాడు నీకేమవుతాడు?"

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అదొక్కటీ అడక్కమ్మాయ్."

"ఎందుకడగను? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికి నా కొంపే దొరికిందా? ఇక్కడి మాటలు అక్కడికి మోస్తున్నావు కదూ?"

"మెల్లగా... పిల్లలు వింటారు."

"విననీ! పొద్దున నా కిటికీ, సాయంత్రం వాడి బాణలి! క్యాంటీన్ అవ్వ బండివాడి మనిషని బడంతా విననీ!"

అప్పటికే కిటికీ బయట పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

అవ్వ ఏప్రన్ విప్పి, మడతపెట్టి బల్ల మీద ఉంచింది.

"సెనగలు పొయ్యి మీదున్నాయి, మాడతాయి, చూసుకో," అని వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి వరస పల్చబడింది. "అవ్వేది?" అని అడగడం, లేదంటే మూతి ముడుచుకుని పోవడం. కోసిన పళ్ళు కోసినట్టే నల్లబడుతున్నాయి. కిటికీ మూసేస్తున్నామని పెద్ద టీచర్ కబురు పంపనే పంపింది.

"అంతా ఆ ముసలిదాని చలవే," అని పళ్ళు నూరింది క్యాంటీనక్క.

సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలో బండివాడు వచ్చి నిలబడ్డాడు. మనిషి పీక్కుపోయి ఉన్నాడు.

"అక్కా, అవ్వ ఇక్కడికేమైనా వచ్చిందా?"

"ఏం, కొత్త కబుర్లు అందడం లేదా? నీ గూఢచారిని నువ్వే వెతుక్కో."

"నా గూఢచారా?" అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎవరింట్లోనో వంటకు కుదిరానని చెప్పి రోజూ బయల్దేరేది. నా బేరం పడగొడుతున్నది ఆవిడేనని, మీరు అరిచిన రోజు పిల్లలొచ్చి చెబితే కదా నాకు తెలిసింది! నమ్మినవాడి గొంతు కోశావని నోటికొచ్చినట్టు తిట్టాను. తెల్లారి చూస్తే ఇంట్లో లేదు. చుట్టాల ఇళ్ళన్నీ తిరిగొచ్చాను."

క్యాంటీనక్క చేతిలోని పళ్ళెం కింద పెట్టింది.

"నా కూతురు ఈ బళ్ళోనే చదువుతోంది. నా బండి మీదవి తప్ప ఇంకేవీ ముట్టేది కాదు. కడుపునొప్పితో మెలికలు తిరిగేది. బండి తీసెయ్యరా, మన పిల్లకే కాదు, ఏ పిల్లకీ వద్దురా అని ఆవిడ మొత్తుకుంది. నేను వింటేనా? ఈమధ్య నొప్పి లేదంటే మందు పనిచేసిందనుకున్నాను. ఇక్కడ మొక్కజొన్న తింటున్నట్టు చెప్పొద్దని పిల్ల చేత ఒట్టేయించుకుందట."

"ఇంతకీ ఆవిడ... నీకేమవుతుంది?"

అతను బయటి ఖాళీ బల్ల వైపు చూశాడు.

"ఆ బండి పెట్టింది ఆవిడే అక్కా, ఆ నూనె పొగలోనే నన్ను పెంచి పెద్దచేసింది... మా అమ్మ."