మాట ఆగితే అవుట్

"మీరిద్దరూ ఒక జత," అంది కోచ్.

మైదానం గట్టు మీద బూట్ల లేసులు కట్టుకుంటున్న ఆడవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి. ఆ ఇద్దరూ తోడికోడళ్లు. పెద్దామె స్కూలు బస్సు నడుపుతుంది, చిన్నామె ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, ఏడాదిగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. కోచ్ ఊరికి కొత్త.

"జత మార్చరాదూ మేడమ్," అంది పెద్దామె.

"ఎందుకమ్మా? ఒకే ఇంటివాళ్లు, కబుర్లకు కొదవుండదనే కదా వేశాను."

నలభై దాటిన ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టులో ఇక రెండే చోట్లు మిగిలాయి. వాటికి కోచ్ పెట్టిన పరీక్ష ఇది. మైదానం చుట్టూ, ఆఖరి చుట్టు గీత దాటేదాకా జతగా పరుగెత్తాలి, పరుగెత్తినంతసేపూ మాట్లాడుకోవాలి. ఒకరు అంటే ఇంకొకరు బదులివ్వాలి. మాట ఆగిందంటే ఊపిరి చాలలేదని లెక్క. విజిల్ పడుతుంది, ఇద్దరూ ఇంటికే. ఎవరూ మిగలకపోతే ఆ చోట్లు పక్క ఊరివాళ్లకు పోతాయి.

పెద్దామె నెలల తరబడి, బస్సు తీయబోయే ముందు ఈ మైదానం చుట్టూ తిరిగింది. చిన్నామె ఆపరేషన్ తర్వాత పది అడుగులకే ఆయాసపడ్డ మనిషి. మేడ మెట్లు ఎక్కీ దిగీ ఊపిరి కూడబెట్టుకుంది. ఆ జెర్సీ ఇద్దరికీ కావాలి.

పరుగు మొదలైంది. మిగతా జతలు కూరగాయల ధరలు, పిల్లల మార్కులు మాట్లాడుకుంటూ సాగాయి. వీళ్ల మధ్య అడుగుల చప్పుడే. కోచ్ విజిల్ పైకెత్తింది.

"నిన్న నేను స్నానం చేస్తుంటే నీళ్లు కట్టేసింది మీరే," అంది చిన్నామె.

"ట్యాంకు ఖాళీ అవుతుంటే కట్టక ఏం చెయ్యను?"

"నా తల మీద సబ్బు ఉండగానా?"

"నీ తల మీద ఏముందో గోడలోంచి కనబడుతుందా నాకు?"

విజిల్ కిందికి దిగింది.

ఇక మాటకు మాట తగులుకుంది. ఒకరు అంటున్నంతసేపూ ఇంకొకరు గుండెల నిండా గాలి నింపుకుంటున్నారు. తమ వంతు రాగానే ఆ గాలంతా మాటలుగా వదులుతున్నారు. ధరలు అయిపోయి ఒక జత ఆగింది. ఇంకో జత దగ్గుకుంటూ గడ్డి మీద కూలబడింది. చివరి చుట్టుకు వీళ్లిద్దరే మిగిలారు.

"ఇంత ఊపిరి ఎక్కణ్ణించి వస్తోంది? ఏం మాట్లాడుకుంటున్నారు వీళ్లు?" కోచ్ గట్టు మీదివాళ్లను అడిగింది.

"ఏవో ఇంటి సంగతులు మేడమ్," అంది ఒకామె, నవ్వు ఆపుకుంటూ.

మైదానం అవతలి మలుపులో చిన్నామె గొంతు మారింది. "నీళ్ల సంగతి పోనివ్వండి. నా ఆపరేషన్ రోజు అందరూ వచ్చారు. మీరు రాలేదు."

"వచ్చాను."

"అబద్ధం."

"ఆస్పత్రి మెట్ల దాకా వచ్చాను. నిన్ను అట్లా మంచం మీద చూసే ధైర్యం లేకపోయింది. బస్సులో కూర్చుని ఏడ్చి, వెనక్కి తిప్పుకొచ్చేశాను. లోపలికి రావాల్సింది. తప్పు నాదే."

"అక్కా..." అంది చిన్నామె. అంతే.

"రెండు పొయ్యిలెందుకే మనకు? రేపట్నుంచి వంట ఒక్కచోటే చేసుకుందాం."

చిన్నామె తల ఊపింది. తల ఊపితే పరీక్షలో లెక్కకు రాదు. కన్నీళ్లతో ఆమె ఊపిరి లయ తప్పింది. గీత ఎదురుగా కనిపిస్తోంది. కోచ్ విజిల్ పెదాల దాకా తెచ్చింది.

పెద్దామె విజిల్ వైపు చూసింది. పక్కన కళ్లు తుడుచుకుంటున్న చిన్నామె వైపు చూసింది. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"వంట కలిసింది కదాని గరిటె నీ చేతికిస్తాననుకోకు, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలంటే నీకు ల్యాబ్ రిపోర్టు రావాలి."