బీటు చేలకు ప్రయాణం

సెఫెరీనో తాళంచెవి మళ్ళీ తిప్పాడు. పికప్ గరగరలాడింది గానీ అంటుకోలేదు.

రోడ్డు మీద మిగతా కుటుంబాల బండ్లు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. ముందున్న ట్రక్కులోంచి డాన్ మక్లోవియో దిగివచ్చాడు. దూరాన మిన్నెసోటాలో బీటు దుంపల చేలలో వీళ్ళందరికీ పని ఇప్పించే మేస్త్రీ ఆయన; అందుకే అందరూ గౌరవంగా 'డాన్' అంటారు.

"ఏమయ్యా, నిన్నటిదాకా గుర్రంలా పరిగెత్తిన బండి కదా ఇది?"

"అదే తెలీడం లేదు, డాన్."

సెఫెరీనో కూతురు ఎల్విరా పికప్ వెనక సామాన్ల మధ్య కూర్చుని ఉంది. పంట పనులు ముగిసేదాకా తిరిగి రారు గనక ఇంటి కిటికీలకు నిన్ననే చెక్కలు కొట్టేశారు. ఇవాళ తొమ్మిదింటికి ఆమెకు బళ్ళో చివరి పరీక్ష. అది రాయకపోతే హైస్కూలు పూర్తి కాదు, కాలేజీలో ఇస్తామన్న సీటూ దక్కదు. వారం నుంచి ఎన్నిసార్లు అడిగినా తండ్రిది ఒకటే జవాబు: "దుంపలు నీ పరీక్ష కోసం ఆగవు."

మక్లోవియో చూపు ఆమె మీద ఆగింది. "మీ పిల్లకు ఇవాళ పరీక్షట?"

సెఫెరీనో నవ్వాడు. "కలుపు తీసే చేతికి పరీక్షేంటి, డాన్!"

"బండి చెడితే నేను అర్థం చేసుకుంటా. ఇనుమన్నాక చెడుతుంది. బడి కోసం ఆగితే మాత్రం ఊరుకోను. కొడుకు సర్టిఫికెట్ తీసుకుంటున్నాడని పోయినేడు లియాండ్రో ఆగాడు. ఇప్పుడు వాణ్ణి ఏ చేలోకీ రానివ్వరు. తెలుసుగా?"

"తెలుసు."

మక్లోవియో బానెట్ ఎత్తాడు. ఎల్విరాకు తన మొహం తనది కానట్టు అనిపించింది. దాన్ని ఎలా పెట్టుకోవాలో మరిచిపోయింది.

"ఇక్కడో వైరు లేదు," అన్నాడు మక్లోవియో నెమ్మదిగా. "తెగలేదు. ఎవరో పీకారు."

తల్లి చంటిబిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. తండ్రి కిందికి దిగి వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళలో కోపం ఉంటే బాగుండేదనిపించింది ఎల్విరాకు. అక్కడున్నది భయం.

ఆ భయమే ఆమెను కిందికి దింపింది. జాకెట్ లోపల్నుంచి వైరు తీసి చాపింది.

"నేనే తీశాను, నాన్నా."

"చూశావా చదువు ఏం నేర్పిందో!" మక్లోవియో ఉమ్మేశాడు. "ఇది నీకు తెలిసే జరిగిందా, సెఫెరీనో?"

"మా అమ్మ మీద ఒట్టు, డాన్. ఈ వైరు సంగతి నాకు తెలీదు."

"అయితే పెట్టు. పెట్టి తిప్పు. నేను వింటా."

సెఫెరీనో వైరు బిగించాడు. తాళంచెవి తిప్పుతుంటే ఎల్విరా కళ్ళు మూసుకుంది. బడిలో తన బెంచీ కనిపించింది. దాని మీద ఎవరూ లేరు.

పికప్ గరగరలాడింది. అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. ఊహూ.

మక్లోవియో తల వంచి చాలాసేపు విన్నాడు. చివరికి పెదవి విరిచాడు. "పిల్ల వైరు తియ్యకపోయినా నీ బండి చచ్చేదేనన్నమాట. బాగుచేయించుకుని ఆదివారానికల్లా వచ్చి కలువు. రాలేదో, నీ సాళ్ళు ఇంకొకరికిచ్చేస్తా."

బండ్లు కదిలిపోయాయి. దుమ్ము అణిగేదాకా సెఫెరీనో రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కూతురి దగ్గరికి నడిచాడు. ఆమె దెబ్బ కోసం చెంప అటు తిప్పి నిలబడింది.

తండ్రి టోపీ తీసి, తెల్లవారకముందే తాను ఇంజనులోంచి పీకి అందులో దాచిన చిన్న రోటర్‌ను, అది లేనిదే ఇంజను అంటుకోని ముక్కను, బయటికి లాగాడు. "నీకు ముందే చెబితే డాన్ నీ మొహం చూసి పట్టేసేవాడు," అన్నాడు. "నడు, పరీక్షకు వేళవుతోంది."