ముట్టినట్టు సంతకం

మూజువాణి ఓటంటే ఏమిటో శ్యామలకు ఏళ్ల తరబడి సందేహమే. టీవీలో పార్లమెంటు చూస్తున్న భర్త అంకారావును ఆ సాయంత్రం అడిగేసింది.

“‘అవును’ అని అందరూ ఒక్కసారి అరవటమేనే. ఎటు గోల ఎక్కువైతే అటు లెక్క. బిల్లు పాసు.”

“అరిచేవాళ్లంతా ఆ బిల్లు చదివే అరుస్తారా?”

“చదివేదేంది నీ మొహం! పార్టీ విప్ అని హుకుం ఇస్తది. చెప్పినట్టు చెయ్యకపోతే పదవి పోద్ది.”

“మరి వాళ్లకు ఓట్లేసినోళ్ల మాటేంది?”

అంకారావు టీవీ గొంతు తగ్గిస్తుండగానే మౌలాలీ వచ్చాడు. మండల పరిషత్తులో వాళ్ల పార్టీ తరఫున విప్ జారీ చేసేది అతనే. రావటంతోనే కాగితం చాపాడు.

“మెంబరు గారూ, రేపు పిచ్చమ్మ మీద అవిశ్వాసం. మనోళ్లంతా చెయ్యెత్తి ఆమెని ప్రెసిడెంటు కుర్చీలోంచి దింపాల. ఇదిగో విప్. ముట్టినట్టు సంతకం పెట్టన్నా. మెంబరుకు ముట్టకపోతే విప్ చెల్లదు.”

అంకారావు భగ్గుమన్నాడు. “ఏం తప్పు చేసిందిరా ఆమె? పైపులైను పని మీ నాయకుడి బామ్మర్దికి ఇయ్యలేదనేగా! మనుషులమా, గొర్రెలమా? మెంబరుకు మనసుండదా?”

“ఉంటే ఇంట్లో పెట్టి రమ్మను. ఎత్తకపోతే మెంబరుగిరీ ఊడుద్ది. ఆపైన మీ ఇష్టం.”

అంకారావు కాసేపు గొణిగాడు. తర్వాత పెన్ను తీసుకుని గీకేశాడు.

మౌలాలీ గడప దాటగానే శ్యామల భర్త మీద విరుచుకుపడింది. “మన పేటకు కుళాయి వేయించి, మొదటి బిందె నా చేత పట్టించిందయ్యా పిచ్చమ్మత్త. ఆ రుణమే ఇంకా తీరలా. ఆ నీళ్లు తాగుతా ఆమెని దింపుతామా?”

“ఢిల్లీలో అంత పెద్దోళ్లే నోరు మూసుకుంటన్నారు. మనమెంత? ఎత్తాల్సిందే!”

శ్యామల లేచి లోపలికి వెళ్లింది. కోటయ్యసామి పటం ముందు దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు ఇద్దరూ బండి మీద మండలాఫీసుకు వెళ్లారు. నరసరావుపేట నుంచి వచ్చిన ఆర్డీవో సమావేశం హాల్లో తీర్మానం చదివాడు. పిచ్చమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమెను దింపాలంటే పన్నెండు చేతులు లేవాలి.

పదకొండే లేచాయి.

ఆర్డీవో రెండుసార్లు లెక్కపెట్టాడు. “తీర్మానం వీగిపోయింది.”

మౌలాలీ ఎగిరి లేచాడు. “విప్ ధిక్కారం సార్! మెంబరుగిరీ పీకెయ్యాల. ముట్టినట్టు సంతకం కూడా ఉంది, చూడండి!”

ఆర్డీవో ఆ కాగితం చూసి, చివరి కుర్చీ వైపు తిరిగాడు. “విప్ మీకు ముట్టిందా?”

“ముట్టలేదండీ.” శ్యామల లేచి నిలబడింది. “సంతకం మా ఆయనది, మెంబర్ని నేను.”