మంగతాయి పెట్టుకున్న కాపలా

మంగతాయి అనే కోడిపెట్ట పన్నెండు గుడ్లు పొదుగుతోంది. బావురుపిల్లి తిరుగుతోందని పెరడంతా ఒకటే గోల. గూటికి మంచి కాపలా కావాలనుకుంది.

ముందు కుక్క వచ్చింది. "ప్రతి గింజనీ వాసన చూడందే లోపలికి వదలను," అంది. అన్నంత పనీ చేసింది. పొద్దున చల్లిన నూకలు మంగతాయి నోటికి అందేసరికి పొద్దు వాలింది. "నీ కాపలా కంటే పిల్లే నయం, త్వరగా తేల్చేస్తుంది," అని దాన్ని పంపించేసింది.

తర్వాత గిన్నీకోడి వచ్చింది. "నేను దేనికీ అడ్డుపడను అమ్మగారూ. ఎవరొచ్చినా అరిచి చెప్తాను. మీరు సరే అంటేనే గడియ తీస్తాను," అంది. ఆ మర్యాద మంగతాయికి తెగ నచ్చేసింది.

"అమ్మగారూ, ఆకు రాలింది!"

"సరే."

"అమ్మగారూ, తొండ తలూపింది!"

"సరే."

"అమ్మగారూ, గాలి లోపలికి రావచ్చా?"

"సరేలేవే, నా ప్రాణం తియ్యకు!"

మూడో రోజుకల్లా మంగతాయి కళ్ళు తెరవడం మానేసింది. అరుపు పూర్తయ్యేలోపే సరే అనడం అలవాటు చేసుకుంది.

నాలుగో రోజు గిన్నీకోడి గొంతు చించుకుంది. "అమ్మగారూ, బావురుపిల్లి వచ్చింది, లోపలికి..."

"సరే."

గిన్నీకోడి ముక్కుతో గడియ తీసి, పక్కకి తప్పుకుంది.

మర్నాడు అది బాతు గూటి ముందు నిలబడి పని అడిగింది. "పాతచోట ఎలా చేశావు?" అంది బాతు.

గిన్నీకోడి రొమ్ము విరుచుకుంది. "అక్కడ అమ్మగారు సరే అనకుండా ఒక్క పిల్లినైనా లోపలికి పోనివ్వలేదండీ."