దేవుడి పిడికెడు

“ఏంది టీచరమ్మా, గింతేనా? బాస్మతి తినేటోళ్ల పిడికిలి గిట్ల సన్నగుంటదా?”

ఆదివారం సీతాఫల్‌మండిలోని మా చర్చి గుమ్మం దగ్గర బియ్యం డ్రమ్ము పెట్టుకుని కూర్చుంటే నా నోరు ఆగదు. ఇంట్లో ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరున తీసి ఉంచిన పిడికెడు బియ్యం ఆడవాళ్లు సంచుల్లో తెస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, బాస్మతి అన్నీ ఈ డ్రమ్ములోనే కలిసిపోతాయి. సోమవారం ఆ బియ్యం పూట గడవని ఒక ఇంటికి చేరతాయి. ఏ ఇంటికన్నది పాస్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

దేవకృపక్క వంతు వచ్చింది. ఏదో ఒకటి అందామని ఆమె సంచిలో చెయ్యి పెట్టాను. గుప్పిట్లోకి వచ్చిన గింజలు చూసి మళ్లీ సంచిలోకే జారవిడిచాను.

“ఏమైంది జకర్యా? నాలుక మింగినవా?” వెనకనున్న టీచరమ్మ నవ్వుతూ సంచిలోకి తొంగిచూడబోయింది.

అక్క మొహం పాలిపోయింది.

గబుక్కున సంచిని డ్రమ్ములో బోర్లించేశాను.

“ఏం లేదు టీచరమ్మా, అక్క పిసినారితనం చూసి పరేషానైన! ఇవి పిట్టలకు సుత సాలవు.”

అందరూ పకపకా నవ్వారు.

“నీ నోట్ల మన్నువడ!” అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

డ్రమ్ములోకి చూశాను. ఆమె తెచ్చినవి ఏవో ఆనవాలు దొరకలేదు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, బాస్మతి అక్క సంచిలో ముందే కలిసి ఉన్నాయి.