వలీ

ఇంటి ముందర ఆటో ఆగేసరికి ఇర్ఫాన్‌కు చిర్రెత్తుకొచ్చింది.

నంద్యాలలో గాజుల అంగడి ఉన్న మనిషి. ఆళ్లగడ్డలో జరిగే కూతురి నికాకు వలీగా పోతున్నాడు. వలీ అంటే పెళ్లికూతురి తరఫున సరేనని మాటిచ్చే పెద్ద. ఆ హక్కు ముందుగా కన్నతండ్రిదే. అంతటివాడికి కారు పంపక ఆటో పంపుతారా?

"ఆళ్లగడ్డ దాకా దీంట్లోనా?"

"నిదానంగా తీసకపోతానప్పా. గతుకులు తెలీనియ్యను," అన్నాడు ఆటో ఆయన.

గడ్డం నెరిసిన మనిషి. ఉతికిన తెల్లచొక్కా, భుజాన తుండు. చాంద్‌బీ వాళ్లు పంపించారని చెప్పాడు.

చాంద్‌బీ ఒకప్పుడు ఇర్ఫాన్ భార్య. ఆడపిల్ల పుట్టిందంటే ఆసుపత్రి గడప కూడా తొక్కలేదు ఈయన. ఆ పిల్ల పాలు మరవకముందే తలాక్ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. తర్వాత ఆమెను ఆళ్లగడ్డలో ఎవరో చేసుకున్నారని విన్నాడు. ఎవరో ఏమిటో అడగబుద్ధి కాలేదు. పోయిన వారం చాంద్‌బీ తమ్ముడొచ్చి బతిమాలితే, చూద్దాంలే అని కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాడు.

ఎక్కేముందే షరతు పెట్టాడు.

"పిల్లను సాకినోడు ఉండాడు గదా. వాడు నికాలో నా కండ్ల ముందర ఉండగూడదు. కనపడినాడంటే లేచి వచ్చేస్తా. ముందే చెప్తాండా."

ఆటో ఆయన తుండుతో వెనక సీటు దులిపాడు.

"ఉండడులేప్పా. నాది పూచీ."

"నీ మాట వింటాడా వాడు?"

"వింటాడు."

ఆటో ఊరు దాటింది. ఇర్ఫాన్ నోరు మాత్రం ఆగలేదు. మంది సొమ్ము మీద ఆశపడే మనుషుల గురించి చెప్పాడు. పక్కవాడి పిల్లతో నాయనా అని పిలిపించుకునేవాళ్లకు సిగ్గుండాలన్నాడు.

"చట్టం చూసుకో, షరియత్ చూసుకో, లోకం చూసుకో. నాయనంటే కన్నోడే. సాకినోడు కాపలా మనిషి. అంతే గదా?"

"అంతేప్పా. కాపలా మనిషే."

ఆ జవాబు ఇర్ఫాన్‌కు నచ్చింది. కొంచెం మెత్తబడి, పిల్ల ఎవరి పోలిక అని అడిగాడు.

"నీ పోలికేప్పా. కండ్లు అచ్చం నీవే."

శిరివెళ్ల దగ్గర టీకి ఆగారు. దిగడం దిగడమే ఇర్ఫాన్ కాలు బురదలో పడింది. ఆటో ఆయన నీళ్ల సీసా తెచ్చి కింద కూర్చున్నాడు. బూటు కడిగి తన తుండుతో తుడిచాడు. వలీ బురద కాళ్లతో పోతే పెళ్లికూతురికి మర్యాద కాదన్నాడు. ఇర్ఫాన్ రెండో కాలు కూడా చాపాడు.

షాదీఖానాలో మర్యాదలకు లోటు లేదు. మెడలో మల్లెదండ వేసి ఖాజీ పక్కన కూర్చోబెట్టారు. ఇర్ఫాన్ చుట్టూ ఒకసారి కలియజూశాడు. ఆ సాకినోడి జాడ లేదు. భయపడ్డాడని సంబరపడ్డాడు.

మేనమామ, ఇద్దరు సాక్షులు లోపలికి పోయి పిల్ల ఒప్పుదల తెచ్చారు. ఖాజీ మైకులో నికా చదివాడు. ఇర్ఫాన్ సరేనన్నాడు. పెళ్లికొడుకు ఖబూల్ అన్నాడు. ఖర్జూరాలు పంచారు.

"నేను రాకుంటే ఈ నికా అయ్యేదా, ఖాజీ సాబ్?" అన్నాడు ఇర్ఫాన్, మీసం సవరించుకుంటూ.

ఖాజీ నవ్వాడు.

"ఎందుకు కాదు? ఈడొచ్చిన పిల్ల. మన పద్ధతిలో తన ఒప్పుదల చాలు. నేనదే చెప్పినా. జిలానియే ఒప్పుకోలేదు."

"జిలాని ఎవరు?"

"పిల్లను సాకినాయన. కన్నోడు బతికుండగా ఆ జాగాలో నేను కూచుంటే పాపం అన్నాడు. నాయనకే అక్కర లేని పిల్లని రేపు అత్తగారింట్లో ఒకరు అనగూడదు అన్నాడు. బడిలో ఏసేటప్పుడు కూడా నీ పేరే చెప్పినాడు."

చేతిలోని ఖర్జూరం ఇర్ఫాన్ నోటి దాకా పోలేదు. పొద్దుటి నుంచి తాను పేలిన మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

"ఆయన యాడుండాడు? ఒకసారి పిలిపించండి."

వాడు అనడానికి మొదటిసారిగా నోరు రాలేదు.

"నేనూ చూడలేదు. నికా చదివేటప్పుడు కూడా లేడు. ఏమైందో మరి."

ఏమైందో ఇర్ఫాన్ ఒక్కడికే తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాడు. కూతురి నికా కళ్లారా చూడనియ్యకుండా ఒక మనిషిని తరిమేశాడు తాను. ఆటో ఆయన్ను పట్టుకుంటే ఆ జిలాని దొరుకుతాడు, చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెడదామనుకుని గబగబా బయటికి నడిచాడు.

అప్పటికే పెళ్లికూతుర్ని సాగనంపుతున్నారు. కూతురు ఆర్షియా వచ్చి ఇర్ఫాన్ ముందు ఆగి, తల వంచి సలాం చెప్పింది. అవును, కళ్లు తనవే. దీవించడానికి ఆయన చెయ్యి లేచేలోపే ఆ పిల్ల ముందుకు పోయింది. పూల కారును కూడా దాటి గోడ వారగా నిలిపిన ఆటో దగ్గరికి పోయింది.

"నాయనా, నా నికా నువ్వు వినలేదు గదా?"

"మైకులో బాగా వినపడిందిలేమ్మా," అంటూ ఆటో ఆయన కిందికి దిగి, బురద అంటిన తుండును వెనక్కి దాచుకుని, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.