ఘాటు పుట

తల్లి పున్నమ్మ శవం మీద సెంటు చల్లుతున్న జయకుమారి, ఆమె రోజూ చదివే బైబిలు పుస్తకం మీదా సీసా వంచబోయింది.

"దాని మీద చల్లమాకే," అన్నాడు తండ్రి జక్రయ్య.

"ఆమెకి ఇష్టమైన వాక్యం ఏది జక్రయ్యా?" పాస్టరుగారు అడిగారు.

"నాన్నకేం తెలుసు అయ్యగారూ! అమ్మ చదువుతుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు."

జక్రయ్యకు అక్షరం రాదు. పుస్తకం అందుకుని, వాసన చూస్తూ పుటలు తిప్పాడు. "ఇది పొగాకు పనికెళ్లినప్పటిది. ఇది వాడరేవులో చేపలెండేసినప్పటిది." ఇంకో పుట దగ్గర తుమ్మాడు.

"ఇదే. మిరపకాయల తొడిమలు తీసొచ్చి, చేతులన్నా కడుక్కోకుండా ముందు దీన్నే చదివేది."

పాస్టరుగారు చదవసాగారు. జక్రయ్య ఎప్పటిలాగే గోడవైపు తిరిగి వింటున్నాడు.

జయకుమారి సెంటు సీసాకి మూత బిగించింది.